అరగంట వంతు

మర్హూన్‌ని జహ్రాన్ ఈ జన్మకి క్షమించడు.

మర్హూన్ పరాయివాడు కాదు, సొంత పెదనాన్న కొడుకు. చిన్నప్పుడు ఒకే పళ్ళెంలో తిన్నారు. మర్హూన్ అతని చెట్టు నరకలేదు, గోడ జరపలేదు, ఎవరికీ చాడీలు చెప్పలేదు. అంతకంటే పెద్ద పాపం చేశాడు. ఖురైమ ఊరి కాలువకి వాటాదారులు రెండొందల పన్నెండు మంది. వాళ్ళందర్నీ కలిపి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాడు.

ఆ రోజుతో ఊళ్ళో నిశ్శబ్దం పోయింది.

తెల్లారకముందే ఒకాయన గులాబీ పువ్వు పంపుతాడు. దానికి బదులుగా రెండొందల గులాబీలు. శుక్రవారం వస్తే జుమ్మా శుభాకాంక్షలు వరద కట్టినట్టు. ఎవరిదో మేక తప్పిపోతుంది, దాని ఫోటో. మేక దొరుకుతుంది, మళ్ళీ ఫోటో. మధ్యలో ఎక్కడో ఒక చోట కాలువ నీళ్ళ గురించి ఒక్క ముక్క ఉంటుంది.

పోనీ చూడకుండా ఊరుకుందామంటే మర్హూన్ ఊరుకోడు. ఫోన్ చేస్తాడు.

"తమ్ముడూ, గ్రూపులో మెసేజ్ పెట్టాను. చూశావా?"

"లేదన్నా, నిచ్చెన మీద ఉన్నాను."

"దిగి చూడు. చూసి మళ్ళీ ఎక్కు."

జహ్రాన్ ఏసీ మెకానిక్. ఎనిమిదో తరగతిలో బడి మానేసి స్క్రూడ్రైవర్ పట్టుకున్నవాడు ముప్పై ఏడేళ్ళొచ్చినా దాన్ని దించలేదు. మే నెల నుంచి సెప్టెంబర్ దాకా అతని ఫోన్ రోజుకు డెబ్భై సార్లు మోగుతుంది. ఏసీ కారుతోంది. ఏసీ అరుస్తోంది. ఏసీ రిమోట్ కనబడట్లేదు, కాస్త వచ్చి వెతికి పెట్టు. ఒకావిడైతే "ఏసీ బాగానే ఉంది నాయనా, ఊరికే చేశాను" అంది.

ఇవి చాలనట్టు అమ్మ. అమ్మకి రాయడం రాదు, మాట్లాడి పంపుతుంది. ఒక్కోటి నాలుగు నిమిషాలు. అందులో మూడున్నర నిమిషాలు అతని పెళ్ళి గురించి, ఎవరెవరి కొడుకులకి ఎంతమంది పిల్లలో దాని గురించి. ఆఖరి అరనిమిషంలో "వచ్చేటప్పుడు పెరుగు తీసుకురా" ఉంటుంది. ఆ పెరుగు కోసం పెళ్ళి మొత్తం వినాలి.

అందుకని జహ్రాన్ గ్రూపు వరకూ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఏ మెసేజ్ వచ్చినా చదవకుండా దాని మీద బొటనవేలు బొమ్మ నొక్కేస్తాడు. చూసినట్టు లెక్క, మర్హూన్ ఫోన్ చెయ్యడు. పెళ్ళికి బొటనవేలు, మేకకి బొటనవేలు. ఒకసారి ఎవరో పెద్దాయన కాలం చేశాడంటే కూడా నొక్కేశాడు. వాళ్ళింటికెళ్ళి తల దించుకుని గంటసేపు కూర్చుని వచ్చాడు. అయినా అలవాటు మానలేదు.

ఇంత రొదలోనూ అతనికని ఒక్క చోటు మిగిలింది.

ఊరంతా కొండ వాలు మీద ఉంటుంది. దిగువన, అన్నిటికంటే అడుగున, వాగు ఒడ్డున జహ్రాన్ తండ్రి వదిలి వెళ్ళిన ఖర్జూరపు తోట. తోటకి పడమట ఇల్లంత రాయి ఒకటి అడ్డం నిలబడి ఉంది. ఆ రాయి పుణ్యమా అని అక్కడికి సిగ్నల్ రాదు. ఎనిమిది రోజులకోసారి, సాయంత్రం నమాజుకి ముందు, కాలువ నీళ్ళు సరిగ్గా అరగంట ఆ తోటవి. ఆ అరగంట కోసం జహ్రాన్ ఎనిమిది రోజులు బతుకుతాడు. ఫోన్‌ని పైన రోడ్డు మీద పికప్ బండిలో పడేసి, దిష్దాషా అంగీని మోకాళ్ళ దాకా మడిచి, మడవ తెరిచి, కాళ్ళు కాలువలో పెట్టుకుని కూర్చుంటాడు. ఎవరూ పిలవరు. అతను ఎవరికీ అక్కర్లేదు. అంతకంటే సుఖం మనిషికి ఇంకేం కావాలో అతనికి తెలీదు.

ఆ మే నెలలో అలా కళ్ళు మూసుకుని కూర్చుని ఉండగా నెత్తి మీద ఒక గొంతు వినబడింది.

"ఏమండీ, మీ లెక్కలో అరగంటకి ఎన్ని నిమిషాలు?"

కళ్ళు తెరిచాడు. గట్టు మీద ఒక ఆడమనిషి. ఒక చేతిలో చెప్పులు, భుజం మీద పార. నల్లటి అబాయా అంచుకి బురద. ముఖం ఎండకి కందిపోయి ఉంది, లేదా కోపానికి.

"ముప్పై" అన్నాడు.

"మాకూ ముప్పైయే. మరి ఇవాళ ముప్పై ఎనిమిది ఎలా అయ్యాయి?"

"అయ్యే వీల్లేదు. రాతి నీడ మూడో చెట్టు మొదలు తాకితే మా వంతు అయినట్టు. మా నాన్న చెప్పాడు. ఇంకా తాకలేదు, చూడండి."

ఆమె చెట్లవైపు చూసింది. వేలితో లెక్కపెట్టింది. తర్వాత నాలుగడుగులు నడిచి ఒక మోడుని పార చివరతో కొట్టింది.

"ఇదేంటి?"

"రెండేళ్ళ కింద గాలివానకి పడిపోయింది."

"మీ నాన్నగారు చెప్పినప్పుడు నిలబడే ఉందా?"

జహ్రాన్ మోడుతో కలిపి మళ్ళీ లెక్కపెట్టాడు. ఇన్నాళ్ళూ పడిన చెట్టుని వదిలేసి లెక్కపెడుతున్నాడు. తను మూడోది అనుకుంటున్నది నాలుగోది. రెండేళ్ళుగా.

"అంటే రెండేళ్ళుగా మా నిమ్మచెట్ల నీళ్ళు మీ కాళ్ళు కడుక్కోవడానికి వాడుకున్నారన్నమాట. మా నాన్నకి కళ్ళు సరిగ్గా లేవు కాబట్టి సరిపోయింది."

"మీ నాన్న?"

"నీరటి ఖల్ఫాన్. నేను నస్రా. మీ తర్వాతి వంతు మాది."

ఖల్ఫాన్‌ని ఎరగనివాడు లేడు. నలభై ఏళ్ళుగా ఊరికి నీరటి. కొండ మీద కాలువ మొదట్లో చదును నేల ఒకటుంది, దాని మధ్యన నిలువెత్తు కొయ్య, కొయ్య ముందు వరసగా పాతిన రాళ్ళు. కొయ్య నీడ ఒక రాయి నుంచి ఇంకో రాయికి పోతే అరగంట. ఎవరి వంతు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ఆ నీడకర్రే చెబుతుంది. కూతురు మస్కట్‌లో ఉద్యోగం చేస్తోందని విన్నాడు. తండ్రి కళ్ళకి పొర కమ్మితే మానేసి వచ్చినట్టుంది.

"ఫోన్‌లో టైమ్ చూసుకోవచ్చుగా?" అంది.

"ఫోన్ లేదండీ. బండిలో ఉంది."

"మర్చిపోయారా?"

"లేదు. పెట్టి వచ్చాను."

ఆమె అనుమానంగా చూసింది. "ఎవరికైనా బాకీ ఉన్నారా?"

"లేను."

"భార్యతో గొడవా?"

"భార్యే లేదు."

"మరి ఎవరి నుంచి దాక్కుంటున్నారు?"

"అందరి నుంచీ."

ఆమె పార కింద పెట్టింది. వంగి రాయీ ఖర్జూరపు పీచూ కలిపి మడవని తనే మూసేసింది. నీళ్ళు పక్క తోటవైపు మళ్ళాయి. వెళ్తూ వెళ్తూ, "వచ్చే వంతుకి గడియారం తెచ్చుకోండి మెకానిక్ గారూ" అంది.

"ఇప్పుడు గడియారాలకి కూడా మెసేజ్‌లు వస్తున్నాయండీ."

అప్పుడు ఆమె పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వని చెప్పడానికి లేదు. జహ్రాన్ మాత్రం ఎనిమిది రోజులు దాన్ని నవ్వే అనుకున్నాడు.

*

తర్వాతి వంతుకి కళ్ళు తెరిచే కూర్చున్నాడు. రాతి నీడని నమ్మడం మానేశాడు, దేన్ని నమ్మాలో తెలియలేదు. అంతలో కాలువలో ఏదో తేలుతూ వచ్చి అతని పిక్కకి తగిలి ఆగింది. పచ్చి నిమ్మకాయ.

చేతిలోకి తీసుకున్నాడు. దాని మీద గోటితో గీసిన గీత ఒకటి. ముప్పై నిమిషాలు అయిపోయాయని నస్రా పంపిన గీత. అర్థమై నవ్వొచ్చింది. మడవ కట్టేశాడు.

నీళ్ళు కిందికే పారతాయి కాబట్టి జవాబు చెప్పాలంటే తనే ఎక్కాలి. నూట పద్నాలుగు మెట్లు. ఎక్కాడు. నీడకర్ర పక్కన చాప మీద ఖల్ఫాన్ కాఫీ పెట్టుకుని కూర్చున్నాడు, కూతురు రాళ్ళ దగ్గర.

"మీ కాయ" అని చాచాడు.

"ఊళ్ళో నిమ్మకాయలకి కరువొచ్చిందా?" అంది నస్రా.

"పరాయి సొమ్ము నాకెందుకు."

"రెండేళ్ళు నీళ్ళు వాడుకున్నప్పుడు గుర్తురాలేదా ఈ మాట?"

ఖల్ఫాన్ గొంతు వచ్చినవైపు తల తిప్పాడు. "ఎవరూ, జహ్రానా? నిమ్మకాయ ఇవ్వడానికి ఇన్ని మెట్లు ఎక్కొచ్చావా నాయనా? మోకాళ్ళు గట్టివి. కూర్చో, కాఫీ తాగు."

"అతనికి పనుంటుంది నాన్నా."

"ఫోన్ లేదుగా వాడి దగ్గర. పనెక్కణ్ణుంచి వస్తుంది?"

అలా మొదలైంది. నీడ రాయికి జానెడు దూరంలో ఉండగా ఆమె కాయ వదులుతుంది. అది అతని దగ్గరికి చేరేసరికి నీడ రాయిని తాకుతుంది. అతను మడవ కట్టి, కాయ తీసుకుని, మెట్లెక్కి, తిరిగిచ్చేసి ఒక చిన్న గిన్నెడు కాఫీ తాగి వస్తాడు. కాయ ఇచ్చినప్పుడల్లా ఆమె ఒకటంటుంది, అతను ఒకటంటాడు. తర్వాత ముగ్గురూ ఊరుకుంటారు. నీడ కదలడం చూస్తూ కూర్చుంటారు.

మూడోసారో నాలుగోసారో అడిగాడు. "మస్కట్‌లో ఏం పని చేసేవారు?"

"ఒక బ్యాంకు కాల్ సెంటర్. తొమ్మిదేళ్ళు. రోజుకు నూట ఇరవై ఫోన్లు."

జహ్రాన్ గిన్నె కింద పెట్టేశాడు. "నూట ఇరవై?"

"కార్డు పనిచెయ్యట్లేదని ఏడుపు. కార్డు పనిచేస్తోంది, డబ్బులు లేవని చెబితే తిట్లు. ఇప్పటికీ ఎవరైనా హలో అంటే ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి."

"నాకు డెబ్భైయే" అన్నాడు, ఏదో తక్కువ మార్కులొచ్చినవాడిలా.

"పర్లేదులెండి. ఇంకా వయసుంది."

ఈసారి ఆమె నిజంగానే నవ్వింది. జహ్రాన్‌కి చిరాకేసింది. ముప్పై ఏడేళ్ళుగా ఎవరి అవసరమూ లేకుండా హాయిగా ఉన్న మనిషి. ఇప్పుడు ఏసీ పైపు బిగిస్తూ కూడా, ఇవాళ ఏ రోజు, ఇంకెన్ని రోజులు అని లెక్కలు. అరగంట ప్రశాంతత కోసం వచ్చేవాడు ఆ అరగంట ఎప్పుడవుతుందా, కాయ ఎప్పుడొస్తుందా అని ఎగువకి చూస్తూ కూర్చుంటున్నాడు. ఇదేం ప్రశాంతత. ఫోన్ మోగితే కనీసం ఆపెయ్యొచ్చు.

*

ఆగస్టులో ఒక వంతునాడు కొండ మీద మబ్బు కమ్మింది. అతను మడవ తెరిచి పావుగంట కాలేదు, చినుకులు. కాయ రాదని తెలుసు, ఎండ లేనిదే నీడెక్కడిది. అయినా చూశాడు. రాలేదు. మడవ సగం తెరిచి, సగం మూసి, మెట్లెక్కాడు.

ఖల్ఫాన్ గొడుగు కింద మసీదు వైపు వెళ్ళిపోయాడు. నస్రా ఒక్కతే ఒంటి మీది శాలువా తడుస్తుంటే నీడకర్రని చూస్తూ నిలబడింది. ఊళ్ళో ఇళ్ళల్లోంచి టింగు టింగుమని ఫోన్లు. వాన ఫోటోలు పంపుకుంటున్నారు, అందరి నెత్తినా పడుతున్న వానని ఒకళ్ళకొకళ్ళు చూపించుకోవడానికి.

"టైమెంతయింది?" అన్నాడు.

"తెలీదు. నీడ లేదుగా."

"నా వంతు అయిపోయిందా, ఉందా?"

"అదీ తెలీదు."

"మరి మీ వంతు మొదలైందా?"

"మెకానిక్ గారూ, ఇవాళ ఎవరి వంతూ ఎవరిదీ కాదు. వాన పడుతోంది. కాసేపు నోరు మూసుకుని నిలబడతారా?"

నిలబడ్డాడు. రాళ్ళు ఒక్కొక్కటే తడిసి నల్లబడుతున్నాయి. ఆమె కనురెప్పల చివర ఒక చినుకు, పడదు, ఆరదు. దాన్ని చూడకూడదని రాళ్ళు లెక్కపెట్టాడు. మూడుసార్లు లెక్కపెడితే మూడు లెక్కలొచ్చాయి.

"మా అమ్మని మీ ఇంటికి పంపనా?" అన్నాడు.

ఆమె తల తిప్పలేదు. "ఏసీ బాగు చెయ్యడానికా?"

"నస్రా."

గారు లేకుండా పిలిచాడు. ఆమె తడిసిన శాలువా కొంగు పిండింది.

"తొమ్మిదేళ్ళు, ఎవరేమడిగినా అయిదు సెకన్లలో జవాబు చెప్పాలని ఉద్యోగం" అంది. "ఈ ఒక్కదానికి నన్ను ఆలోచించుకోనివ్వు. వచ్చే వంతుకి చెబుతాను. పండిన కాయ వస్తే మీ అమ్మని పంపు. పచ్చి కాయ వస్తే కాఫీకి మాత్రం రా."

*

ఆ ఎనిమిది రోజుల్లో జహ్రాన్ ఒకరింటి ఏసీకి వేడి గాలి వచ్చేలా బిగించాడు. అమ్మ మెసేజ్ ఒకటి మొత్తం విన్నాడు, రెండుసార్లు. అమ్మకే భయమేసి ఫోన్ చేసింది. "ఏరా, ఒంట్లో బాగుందా?"

వంతు రోజు వచ్చింది. కాలువలో కాళ్ళు పెట్టుకుని ఎగువకే చూస్తూ కూర్చున్నాడు. ఖర్జూరపాకు ఒకటి వచ్చింది. ఒక ఈక వచ్చింది. ఎవరో పారేసిన బిస్కట్ కాగితం వచ్చింది. రాతి నీడ రెండో చెట్టు దాటింది, మోడు దాటింది, ఇంకా దాటింది. పండు రాలేదు. పచ్చిదీ రాలేదు.

నూట పద్నాలుగు మెట్లూ పరిగెత్తాడు.

నస్రా చాప మీద తండ్రి పక్కన కూర్చుని ఉంది. ఆమె చేతిలో మొట్టమొదటిసారి ఫోన్ చూశాడు. తండ్రిది.

"కాయ రాలేదు" అన్నాడు ఆయాసపడుతూ.

"ఇంక రావు."

"ఎందుకు?"

ఆమె ఫోన్ తిప్పి చూపించింది. మర్హూన్ మెసేజ్, నెలన్నర కిందటిది. ఊరికి టవర్ వస్తోంది, నీడకర్ర ఉన్న నేల ఇస్తున్నాం, కొయ్య తీసేసి వంతులు ఇకనుంచి ఫోన్‌లో పెడతాం, సమ్మతించేవాళ్ళు బొటనవేలు పెట్టండి. కింద నూట యాభై ఆరు మంది పేర్లు. నూట నలభై మూడో పేరు మీద ఆమె గోరు ఆగింది. జహ్రాన్ బిన్ సైఫ్.

"మా నాన్న నలభై ఏళ్ళు కూర్చున్న నేల" అంది నస్రా నెమ్మదిగా. "ఆయన కాఫీ తాగుతూనే ఉన్నావు. ఆయన కొయ్య పీకెయ్యమని వేలెత్తి వచ్చి, ఆయన కూతుర్ని అడిగావు."

"నేను చదవలేదు."

"ఏంటీ?"

"ఏదీ చదవను. వచ్చినవాటన్నిటికీ పెట్టేస్తాను. లేకపోతే వాడు ఫోన్ చేస్తాడు."

తనకే వినడానికి ఎంత సిగ్గుగా ఉందో. తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు.

"ఫోన్ అంటే పడదన్నావు. మా ఊళ్ళో నీలాంటివాడు ఒక్కడైనా ఉన్నాడనుకున్నాను. నువ్వు ఫోన్‌ని బండిలో పెట్టి వస్తావు జహ్రాన్, అంతే. నీ బొటనవేలు మాత్రం గ్రూపులోనే ఉంటుంది."

 ఖల్ఫాన్ అలవాటుగా చేత్తో తడుముకుంటూ కాఫీ గిన్నె నింపి జహ్రాన్ ఉన్నాడనుకున్న వైపు చాచాడు. అది తీసుకోవడం జహ్రాన్ వల్ల కాలేదు. తీసుకోకుండా పోవడమూ కాలేదు. తాగాడు. ఖాళీ గిన్నె ఆయన చేతిలో పెట్టి మెట్లు దిగాడు.

*

"నా వేలు వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాడు మర్హూన్ ఇంటి గుమ్మంలో, చెప్పులైనా విప్పకుండా.

మర్హూన్ తీరిగ్గా హల్వా తింటున్నాడు. "రా, కూర్చో. ఒక వేలు పోతే నూట యాభై అయిదు ఉంటాయి. నీ వేలుతో ఏమాగుతుంది?"

"టవర్ ఎందుకసలు? ఉన్న గోల చాలదా?"

"తమ్ముడూ" మర్హూన్ చెంచా కింద పెట్టాడు. "రంజాన్‌లో సాలిమ్ వాళ్ళమ్మ దిగువ తోటలో మెట్ల మీద పడింది. తుంటి విరిగింది. చేతిలో ఫోన్ ఉంది, సిగ్నల్ లేదు. రెండు గంటలు ఎండలో అలాగే పడి ఉంది. నీ తోట పక్కనే. ఆ రోజు నీ వంతు కాదు, నువ్వు లేవు. నీకు అరగంట గోల లేకపోతే హాయి. ఆవిడకి?"

 మర్హూన్ మాటల్లో న్యాయం ఉండటం జహ్రాన్‌ని అన్నిటికంటే ఎక్కువ మండించింది.

"అయితే నీడకర్ర నేలే ఎందుకు? వేరే చోటు లేదా?"

మర్హూన్ అతన్ని వింతగా చూశాడు. "నన్నడుగుతున్నావా? కంపెనీవాళ్ళు రెండు చోట్లు చూపించారు. ఒకటి అది. రెండోది నీ తోటలో, రాయి పక్కన. రెండేళ్ళ కింద నీ దగ్గరికొచ్చి అడిగాను. నేను చచ్చాక పెట్టుకోండి అని గేటు వేసేశావు. గుర్తులేదా?"

గుర్తుంది. గేటు ఎంత గట్టిగా వేశాడో కూడా గుర్తుంది.

తన అరగంట కాపాడుకోవడానికి వేసిన గేటు. అది పోయి ఖల్ఫాన్ కొయ్య మీద పడింది.

*

శుక్రవారం నమాజు తర్వాత ఊరి సభలో అందరూ గోడల వెంబడి కూర్చున్నారు. ఖర్జూరాలు, కాఫీ తిరుగుతున్నాయి. సగం మంది తలలు ఫోన్లలోనే ఉన్నాయి, ఎదురుగా కూర్చున్నవాడి మెసేజ్ చదువుతూ. ఖల్ఫాన్‌ని నస్రా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి లోపల కూర్చోబెట్టి, తను గుమ్మం అవతల నీడలో నిలబడింది.

జహ్రాన్ లేచాడు. జీవితంలో సభలో లేవడం అదే మొదలు.

"టవర్ నా తోటలో పెట్టుకోండి" అన్నాడు.

తలలు లేచాయి.

"మళ్ళీ చెప్పు తమ్ముడూ" అన్నాడు మర్హూన్.

"రాయి పక్కన. నేల నేనిస్తాను. నీడకర్ర జోలికి పోకండి. వంతులు ఫోన్‌లో కావాలంటే పెట్టుకోండి, కానీ ఖల్ఫాన్ మామ చెప్పాకే పెట్టండి."

"నీకు అక్కడ సిగ్నల్ రాకూడదుగా?" అన్నారు ఎవరో. నవ్వులు.

"రాకూడదు."

"మరి?"

"మరి ఏంటి మరి? ఇస్తానన్నాక తీసుకోరేం? గ్రూపులో పెట్టి అడగమంటారా?"

ఖల్ఫాన్ గడ్డం సవరించుకున్నాడు. "నాయనా, ఇది ఊరి కోసం ఇస్తున్నావా, నా కోసం ఇస్తున్నావా?"

జహ్రాన్‌కి ఓపిక అయిపోయింది. ఉక్క, నవ్వులు, చుట్టూ టింగు టింగులు. "మీ కోసం కాదు మామా. మీ అమ్మాయి కాయ వెయ్యడం మానేసింది, అందుకు. పచ్చిదైనా వేసుంటే నా బాధ నేను పడేవాణ్ణి."

సభ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఫోన్లు కూడా.

గుమ్మం అవతల నుంచి గొంతు వచ్చింది. "నాన్నా, కాయ సంగతి వంతు రోజున చూద్దాం. ఇక్కడ కాదు, అని చెప్పండి."

"విన్నావా?" అన్నాడు ఖల్ఫాన్.

"విన్నాను."

అతను ఇల్లు చేరకముందే ఫోన్ మోగింది. అమ్మ మెసేజ్. సభలో ఎవడో రికార్డు చేసి గ్రూపులో పెట్టాడు. ఊరంతా విన్నాక అమ్మ విన్నది. నాలుగు నిమిషాలుంటుందనుకున్నాడు. అయిదు సెకన్లు. "ఖల్ఫాన్ గారి ఇంటికి ఏ హల్వా తీసుకెళ్ళనురా, కుంకుమపువ్వుదా, మామూలుదా?"

*

వంతు రోజున తోటలో కొలతల తాళ్ళు కట్టేసి ఉన్నాయి. తను కూర్చునే చోట మేకు దిగ్గొట్టారు. మేకు పక్కన కూర్చుని మడవ తెరిచాడు.

ఆరు నిమిషాలు కూడా అయి ఉండదు. కాలువ మలుపులో పసుపు మెరిసింది.

తనే లేచి మోకాళ్ళ లోతులో ఎదురెళ్ళాడు. బాగా పండిన నిమ్మపండు. గీత లేదు. వెనకాల ఇంకోటి, దాని వెనకాల ఇంకోటి. ఆమె మొత్తం బుట్ట ఒంపేసినట్టుంది. దిష్దాషా ఒడి పట్టి ఏరుకున్నాడు. మడవ కట్టడం మర్చిపోయి మెట్లెక్కాడు.

"ఇంకా ఇరవై నిమిషాలున్నాయి నీ వంతు" అంది నస్రా నీడ చూసి.

"ఆగలేకపోయాను."

"నేనూనూ. అందుకే ముందే వేశాను." ముఖం ఎర్రబడింది. ఎండ వల్ల కాదు.

ఖల్ఫాన్ చాప తడిమాడు. "కూర్చోండి ఇద్దరూ. మహర్ సంగతి మాట్లాడదాం. అమ్మాయికి ఏమిస్తావు నాయనా?"

"ఏమడిగితే అది."

"బంగారం వద్దు నాన్నా" అంది నస్రా. "ఆ అరగంట ఇమ్మనండి. కాగితం మీద, నా పేరున."

జహ్రాన్ ఒడిలోంచి పళ్ళు జారాయి. "అదొక్కటే కదా నాకున్నది."

"తెలుసు. అందుకే."

"మరి నేను ఎక్కడ కూర్చోవాలి?"

"నా నీళ్ళ పక్కన. మాట్లాడకుండా ఉంటే."

నవంబరులో పెళ్ళయింది, డిసెంబరులో టవర్ లేచింది. ఇప్పుడు తోటలో అన్ని గీతల సిగ్నల్ వస్తుంది. సాలిమ్ వాళ్ళమ్మ అక్కడికొచ్చి కూర్చుని దుబాయ్‌లో ఉన్న మనవడితో గట్టిగా మాట్లాడుతుంది. జహ్రాన్, నస్రా వంతు రోజున రెండు ఫోన్లూ పికప్‌లో పెట్టి తాళం వేసి, కొండెక్కి నీడకర్ర దగ్గర కూర్చుంటారు. మర్హూన్ ఇంకా గులాబీలు పంపుతాడు. జహ్రాన్ ఇంకా క్షమించలేదు. ఇప్పుడైతే ప్రతీదీ చదువుతాడు, అదింకో శిక్ష.

అతను పోగొట్టుకున్నది ఇంత: రాయి పక్కన ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు నేల, అందులో నాలుగు ఖర్జూరపు చెట్లు, ఎనిమిది రోజులకోసారి వచ్చే అరగంట నీళ్ళు.